చెరిసగం డిక్షనరీ

మదనపల్లెలో సబ్ కలెక్టరాఫీసు గోడ పక్కన నా జిరాక్సు షాపు ఉంది. షాపు ముందు రేకు నీడలో ఒక బల్ల, బల్ల మీద టైపు మిషను, దాని వెనక కృష్ణప్ప. పన్నెండేళ్లుగా ఇదే వరస. నేను వచ్చేసరికే ఆయన వచ్చి కూర్చుని ఉంటాడు. షట్టరు ఎత్తడం పది నిమిషాలు ఆలస్యమైతే నా మొహం చూసి, చేతి గడియారం చూసి, మళ్లీ నా మొహం చూస్తాడు. నా షాపుకు నేను ఎప్పుడు రావాలో ఆయన చూపుతో చెబితే తప్ప నాకు తెలియదన్నట్టు.

ఆయన పని అర్జీలు రాయడం. ఈ గోడ వెంబడి అర్జీలు రాసేవాళ్లు ఇంకో నలుగురున్నారు, వాళ్లలో ఇద్దరికి కంప్యూటర్లు కూడా ఉన్నాయి. అయినా నిమ్మనపల్లె నుంచి, కురబలకోట నుంచి బస్సు దిగినవాళ్లు నేరుగా కృష్ణప్ప దగ్గరికే వస్తారు. ఆయన రాసే ప్రతి అర్జీలో ఒక బరువు మాట ఉంటుంది మరి. బరువు మాటంటే నోరు తిరగని పొడుగాటి ఇంగ్లీషు మాట. అది లేని అర్జీని ఆఫీసులో ఎవరూ చదవరని మా చుట్టుపక్కల ఊళ్లలో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరు పెంచి పోషించారో నేను చెప్పక్కర్లేదు. "ఒగ బరువు మాట ఏయప్పా" అని రైతు అడగ్గానే ఈయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకునే తీరు చూడాలి. అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

ఒకసారి నిమ్మనపల్లె రైతు ఒకాయన గట్టు తగాదా మీద వచ్చాడు. పక్క చేనువాడు అల్ట్రాక్రెపిడేరియన్ అని కృష్ణప్ప ఆ అర్జీలో కొట్టి ఇచ్చాడు. రైతు ఆ మాటను వేలితో తడిమి చూసుకుని సంతోషంగా పోయాడు. రెండో రోజు ఆ పక్క చేనువాడే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఆయనకు ఆ మాట అర్థం అక్కర్లేదు. వాడికి వేసినదానికంటే బరువైనది తన అర్జీలో వేయాలి, అంతే. ఈసారి కృష్ణప్ప ఇద్దర్నీ పిలిపించి, తనకు తెలియని సంగతిలో తల దూర్చి తీర్పులు చెప్పేవాణ్ని ఆ మాట అంటారని విప్పి చెప్పాడు. ఇద్దరూ కాసేపు ఆలోచించి, అలాంటివాడు మా ఊళ్లో వేరే ఒకడున్నాడప్పా, ఈ గొడవ పెట్టింది వాడే అన్నారు. నా షాపు ముందే టీలు తాగి ఒకే బస్సులో వెళ్లిపోయారు. ఆ రోజంతా కృష్ణప్ప కాలు నేల మీద లేదు.

అంత సంతోషం ఒక తగాదా తెగినందుకు కాదు. ఆ మాట పుంగనూరు నుంచి వచ్చింది. పంపినవాడు సుభాన్.

సుభాన్ పుంగనూరు బజారులో దర్జీ. ఇద్దరూ పుంగనూరు హైస్కూల్లో ఒకే బెంచీ మీద చదివారు. భీమరావు అని ఇంగ్లీషు అయ్యవారు ఉండేవాడట. కలకడకు బదిలీ అయిపోతూ తన లావుపాటి డిక్షనరీని క్లాసులో మొదటి మార్కు ఎవరిదైతే వాళ్లకిస్తానన్నాడు. చూస్తే ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఇద్దరూ పుస్తకాన్ని చెరో వైపు పట్టుకుని లాక్కుంటూ సుభాన్ వాళ్ల నాయన షాపు దాకా వచ్చారు. ఆయనా దర్జీయే. పిల్లల రభస భరించలేక, పుస్తకం వీపు కుట్లు నేర్పుగా విప్పి, రెండు సగాలు చేసి, రెండింటికీ మిగిలిన కాకీ బట్టతో అట్టలు కుట్టి ఇచ్చాడు. ఎ నుంచి ఎం దాకా కృష్ణప్పది, ఎన్ నుంచి జెడ్ దాకా సుభాన్‌ది. యాభై ఏళ్లు దాటినా ఎవరి సగం వాళ్ల దగ్గరే ఉంది. మొత్తం డిక్షనరీ కొనుక్కోవచ్చు కదా అని నేనొకసారి అంటే, కృష్ణప్ప నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూశాడు.

వాళ్ల ఆట ఇది. ఒకడు తన సగంలోంచి ఒక వింత మాట ఏరి, కింద తెలుగులో అర్థం రాసి పోస్టుకార్డు మీద పంపుతాడు. రెండోవాడు ఆ మాటను నిజమైన పనిలో, ఈ ఆట సంగతి తెలియని మనిషి దగ్గర, సరైన అర్థంలో వాడాలి. అబద్ధంగా వాడితే చెల్లదు. వాడాక, ఎలా వాడాడో కార్డు రాసి, దాని కిందే తన సగంలోంచి కొత్త మాట పంపాలి. అర్జీలు రాసేవాడికి ఇది సులువే. పాపం దర్జీ ఏం చేస్తాడు? అయినా సుభాన్ తక్కువ తినలేదు. కడుపులో గుడగుడల్ని బార్బొరిగ్మస్ అంటారని కృష్ణప్ప పంపితే, మూడు రోజుల్లో వాడి చూపించాడు. పెద్ద పొట్ట ఉన్న ఒకాయన ప్యాంటు కొలతకు వచ్చినప్పుడు ఆ గుడగుడ వినిపించిందట. "సార్, బార్బొరిగ్మస్ ఉండాది, అది తగ్గినాక నడుం కొలత తీస్తా" అన్నాడట సుభాన్. ఆయన ఆ ప్యాంటు మాట మరిచి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఆ కార్డు చదివి కృష్ణప్ప ఎంత నవ్వాడంటే, నేను నీళ్లు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఆటలో ఇంకో నియమం ఉంది. అది కృష్ణప్ప పెట్టిందే. మాట ఒకడి దగ్గర ఉన్నంతకాలం రెండోవాడు ఉత్తరం రాయకూడదు, ఫోను చేయకూడదు, మనిషి చేత కబురు పెట్టకూడదు. పెడితే తొందరపెట్టినట్టు, పెట్టినవాడు ఓడినట్టు. కార్డు రాలేదంటే అవతలివాడు ఇంకా వెతుక్కుంటున్నాడని అర్థం. పైగా ఇద్దరూ ఎదురుపడేది ఏడాదికొక రోజు, రంజాన్‌కు మాత్రమే.

కిందటి దసరా అయిన వారానికి కృష్ణప్ప తన సగంలో అన్నిటికన్నా పొడుగు మాట తీశాడు. ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. ఇరవైతొమ్మిది అక్షరాలు. ఒకదాన్ని పనికిమాలినదని తీసిపారేయడం అని అర్థం. అన్నేళ్లుగా దాచుకున్నాడట దాన్ని. కార్డు మీద ఒకే వరసలో పట్టలేదు, మలిచి రాశాడు. పోస్టు డబ్బాలో వేసి వచ్చి నాకు ఆ మాట పలకడం నేర్పడానికి మధ్యాహ్నమంతా ఖర్చుపెట్టాడు. నాకు సగం దాకా వచ్చి నాలుక మడతపడేది. ఆయనకు అదే పండగ.

వారం గడిచింది. నెల గడిచింది. కార్డు రాలేదు. కృష్ణప్ప మొహం వెలిగిపోతోంది. సుభాన్ దీంతో ఇరుక్కున్నాడు, ఈసారి వాడి పని అయిపోయింది అని రోజూ ఒకసారైనా అంటాడు. సుభాన్ ఏ బట్ట ముక్క పట్టుకుని, ఏ గిరాకీ దగ్గర ఆ మాట దూర్చాలా అని ఎలా తంటాలు పడుతున్నాడో అభినయించి చూపించేవాడు. రెండు నెలలు దాటాక నాకే చిరాకొచ్చింది. ఒక ఫోను చేస్తే నీ సొమ్మేం పోతుంది అన్నాను. చేస్తే ఓడిపోతానన్నాడు. ముసలితనంలో ఈ పంతాలేమిటని కసిరాను కూడా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక రోజు అజ్మల్ అనే అతను కాగితాల కాపీలు తీయించుకోవడానికి వచ్చాడు. పుంగనూరు బజారులో షాపు అడ్రసు చూసి, అక్కడ సుభాన్ అనే దర్జీ తెలుసా అని యథాలాపంగా అడిగాను. తెలియకపోవడమేమిటి, ఆయన నా మేనమామ అన్నాడు. దసరా అయిన పది పదిహేను రోజులకు కత్తెర పట్టుకునే పడిపోయాడని, కుడి చెయ్యి, కుడి కాలు, నోరు పడిపోయాయని, కూతురు తబస్సుమ్ కుప్పంలో ఉంటే అక్కడికి తీసుకుపోయారని చెప్పాడు. ఆ దర్జీ షాపులో ఇప్పుడు తనే ఫోన్ల కవర్లు అమ్ముతున్నాడట.

ఆ సమయానికి కృష్ణప్ప బల్ల దగ్గర లేడు. టీ తాగడానికి పోయాడు. తిరిగొచ్చి కూర్చుని, మిషన్లో కాగితం ఎక్కిస్తూ, ఇవ్వాళ్టికి నూటా పద్దెనిమిది రోజులు ఉషమ్మా, వాడు నాకు చిక్కినాడు అన్నాడు. నేను చెప్పక తప్పలేదు. ఎలా చెప్పానో గుర్తులేదు. ఆయన కాగితం ఎక్కిస్తూనే ఉన్నాడు. ఎక్కిన కాగితాన్ని మళ్లీ బయటికి తిప్పి తీశాడు. మళ్లీ ఎక్కించాడు.

"నేను లెక్కపెడతా కూసున్నానే" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున ఆయన్ని ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. షాపు మూసి కుప్పం బస్సెక్కాను. ఆయన తన సగం డిక్షనరీని సంచిలో పెట్టుకుని వచ్చాడు. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు కిటికీలోంచి బజారు వైపు చూడలేదు, తల వంచుకుని కూర్చున్నాడు. పలమనేరు దాటాక మాత్రం, ఆ నియమం పెట్టింది నేనేనమ్మా, వాడు అప్పుడే వద్దన్నాడు అని చెప్పాడు. ఏదైనా ఓదార్పు మాట చెబుదామనుకున్నాను. కానీ నాకు ఆయన మీద కోపంగా ఉంది, జాలిగానూ ఉంది.

తబస్సుమ్ ఇల్లు కుప్పం రైల్వే స్టేషను వెనక సందులో. ఆమె పనికి పోయింది. తలుపు తీసింది సుభాన్ భార్య మైమూనా. కృష్ణప్పను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీకు ఫోన్ జేస్తామంటే సెయ్యి అడ్డం బెట్టేవాడన్నా. రెండు తూర్లు నా సేతిలో ఫోను లాక్కున్నాడు. మీ కార్డు జూపిచ్చి, జవాబు రాసిందాకా మీకు తెలీకూడదని సైగ జేస్తాడు. ఇదేం మొండితనమో నాకు అర్థం గాలేదు" అంది.

కృష్ణప్పకు అర్థమైంది. నాకూ అర్థమైంది.

సుభాన్ గోడకు ఆనించిన మంచం మీద దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నేను ఊహించుకున్నదానికన్నా సన్నగా, తెల్లగా ఉన్నాడు. నోరు ఒక పక్కకు లాగేసింది. కుడి చేతిని ఎవరో ఒళ్లో సర్దిపెట్టినట్టున్నారు, అది అలాగే ఉంది. కళ్లు మాత్రం మమ్మల్ని గుమ్మంలోనే పట్టుకున్నాయి. ముందు సంతోషం కనబడింది వాటిలో, వెంటనే సిగ్గు. ఎడమ చేతితో పక్కనున్న నోటుబుక్కును దిండు కిందికి తోయబోయాడు. అది జారి కింద పడింది.

తీసింది నేనే. ఎడమ చేత్తో ఏదో ఒకటి రాయిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడని, అందుకే తెచ్చిచ్చామని, ఎప్పుడు చూసినా అన్న పంపిన కార్డును ఎదురుగా పెట్టుకుని అదే చూసి రాస్తున్నాడని మైమూనా అంది. మొదటి పేజీలన్నీ వంకర గీతలే. ఆ తర్వాత ఎఫ్ ఒకటే, పేజీ నిండా. ఇంకా తర్వాత రెండక్షరాలు, నాలుగక్షరాలు. చివరి పేజీలో ఆ మాట సగం దాటింది. నాలుగు నెలల్లో మనిషి ఇరవైతొమ్మిది అక్షరాలలో పదిహేడు దాకా నడిచి వచ్చాడు.

కృష్ణప్ప ఆ పేజీలు తిప్పుతూ ఎంతసేపు నిలబడ్డాడో. ఆపైన మంచం అంచున కూర్చున్నాడు.

"నేను గెలిసినాననుకున్నా సుభానూ" అన్నాడు. "నువ్వు ఈడ పడుండావు. నేను ఆడ దినాలు లెక్కబెట్టుకుంటా నగుతాండాను. నన్ను మన్నించరా."

సుభాన్ తల అడ్డంగా ఊపాడు, అది కాదు అన్నట్టు. నోటుబుక్కు లాక్కుని, అందులోంచి కృష్ణప్ప కార్డు తీశాడు. దాని మీద మాట కింద తెలుగులో రాసిన అర్థం దగ్గర వేలు పెట్టాడు. పనికిమాలినదని తీసిపారేయడం. ఆ వేలిని తీసుకొచ్చి తన కుడి చేతి మీద పెట్టాడు. యాభై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి. తర్వాత గుండె మీద పెట్టుకున్నాడు. అప్పుడు కృష్ణప్ప వైపు చూసి, ఎడమ అరచెయ్యి చాపాడు. మాట వాడేశాను, ఒప్పుకో అని.

మైమూనా వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఎటు చూడాలో తెలియక కిటికీ చువ్వలు చూస్తూ నిలబడ్డాను. కృష్ణప్ప ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది సెల్లదు" అన్నాడు.

సుభాన్ కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అబద్ధంగా వాడితే సెల్లదని మనం రాసుకున్న దినం నువ్వు లేవా? నిన్నెవురు తీసిపారేసినారు? మైమూనా పారేసిందా? నీ బిడ్డ పారేసిందా? నేను పారేసినానా? నువ్వొగడివే అనుకుంటాండావు. ఒగడి మాట మీద నేను ఒప్పుకోను."

సుభాన్‌కు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఎడమ చేత్తో మంచం పట్టెను చరిచి, గొంతులోంచి పెద్దగా ఒక అరుపు అరిచాడు. మాట కాదు, అక్షరం కూడా కాదు. కానీ అది వాదన అని ఎవరికైనా తెలుస్తుంది. కార్డు చూపించాడు, చెయ్యి చూపించాడు, మళ్లీ అరిచాడు. కృష్ణప్ప కూడా తగ్గలేదు. ఒకడు మాటలతో, ఒకడు చేతులతో, ఇద్దరు డెబ్బై ఏళ్లవాళ్లు హైస్కూలు పిల్లల్లా పోట్లాడుకున్నారు. మైమూనా గరిటెతోనే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పడిపోయినప్పటి నుంచి ఆయన గొంతు ఇంత లేవలేదని నాకు తర్వాత చెప్పింది. ఆయన కోపంగా ఉన్నాడని చూసి ఆమె ఏడుస్తూ నవ్వింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు.

చివరికి సుభానే అలిసిపోయి దిండ్ల మీద వాలాడు. నోటికి ఒక పక్కన మాత్రమే నవ్వు వచ్చింది. కృష్ణప్ప ఆయన కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతికి స్పర్శ తెలుస్తుందో లేదో మాకు తెలియదు. ఆయన మాత్రం వదల్లేదు.

"ఆ మాట ఇంకా నీ తావే ఉండాది" అన్నాడు. "నిజంగా వాడే దాకా నిదానంగా ఉండు, నాకేం తొందర లేదు. కానీ ఈ పొద్దు నుంచి పాత నియమం లేదు. మాట దొరికినా దొరక్కపోయినా వారానికొగ కార్డు రావాల. రాయలేకపోతే ఉత్త కార్డే పంపించు. అడ్రసు తబస్సుమ్ రాస్తాది."

సుభాన్ చాలాసేపు ఆలోచించాడు. ఆటలో నియమం మార్చడమంటే ఆయనకు చిన్న సంగతి కాదు. ఆపైన ఎడమ చేతిని ఎత్తి, కృష్ణప్ప అరచేతిలో ఒకసారి తట్టాడు.

మేము భోంచేసి మూడు గంటల బస్సుకు బయలుదేరాం. తిరిగొచ్చేటప్పుడు కృష్ణప్ప పలమనేరు దాకా నిద్రపోయాడు.

ఆ తర్వాతి సోమవారం ఆయన పొద్దుటి నుంచే వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు కార్డు రాలేదు. మంగళవారమూ రాలేదు. ఒక రైతు తన అర్జీలో బరువు మాట పడలేదని గొణిగితే, ఆయనకు వినిపించనే లేదు. ఫోను తీశాడు, పెట్టాడు. చెయ్యవయ్యా, ఇంకా ఓడేదేముంది అన్నాను. వాడు పంపుతానని చేతిలో తట్టినాడు, ఒక దినం చూస్తానన్నాడు. బుధవారం పన్నెండు గంటలకు పోస్టుమ్యాన్ యువరాజ్ సైకిలు ఆపాడు. ఒక కార్డును ఇటు తిప్పి, అటు తిప్పి, నొచ్చుకుంటూ బల్ల మీద పెట్టాడు. కుప్పం ముద్ర, పక్కన అడ్రసు, అంతే. వెనక అంతా తెలుపే.

"ఎవరో అడ్రసు రాసి, సమాచారం రాసేది మర్సిపోయినట్టుండారు పెద్దాయనా" అన్నాడు యువరాజ్.

కృష్ణప్ప ఆ కార్డును రెండు చేతులతో పట్టుకుని పైనుంచి కింది దాకా చదివాడు. చదవడమనే అనాలి, ఆయన కళ్లు అలాగే కదిలాయి.

"మర్సిపోలేదప్పా" అన్నాడు. "బాగుండానని రాసినాడు."